వంటల పేజీలో ఇంకొక్క వాక్యం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీని నేను 22 ఏళ్లుగా కత్తిరించి దాచుకుంటున్నాను. మా వారి కిరాణా కొట్లో రాయకుండా మిగిలిపోయిన చిట్టా పుస్తకాల్లో అతికిస్తూ వస్తే ఇప్పటికి నాలుగు పుస్తకాలయ్యాయి. మొన్న ఒక మధ్యాహ్నం నాలుగూ ముందేసుకుని మొదటి నుంచీ తిరగేశాను. ప్రతి రెండో వంటకంలో "నూనె: వేయించడానికి సరిపడా" అని ఉంది. వేయించడం అయ్యాక మూకుట్లో మిగిలిన నూనెను ఏం చేయాలో మాత్రం ఒక్కచోట కూడా లేదు. "బీరకాయలు అరకిలో, చెక్కు తీసుకోవాలి" అని ఉంది. ఆ చెక్కు ఎటు పోవాలో లేదు. తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 35 ఏళ్లుగా వంట చేస్తున్న నాకే ఆ ఆలోచన రాలేదు. మా అపార్ట్‌మెంట్ మురుగు గొట్టం ఆలోచించేలా చేసింది.

మాది రాజమహేంద్రవరం. 20 ఫ్లాట్ల బిల్డింగులో కింది వాటా మాది. మొన్న సంక్రాంతికి భోగి ఇంకా వారం ఉందనగానే మెట్ల మీద ఎక్కడ నిలబడినా పాకం వాసన, నూనె వాసన. అరిసెలు, జంతికలు, పోకుండలు, కజ్జికాయలు. కనుమ నాడు గారెలు సరేసరి. ముక్కనుమ పొద్దున్నే మా సింకులో నీళ్లు దిగడం మానేశాయి. కాసేపటికి పైకి రావడం మొదలైంది. పై వాటాల్లో ఎవరు గిన్నె కడిగినా మా సింకులో బుడగలు. మధ్యాహ్నానికి ఆ నీళ్లు వంటింటి గచ్చంతా పరుచుకుని కాలు పెడితే జారిపోతోంది. మా అత్తగారికి 84 ఏళ్లు. ఆవిడ ఎక్కడ అటు వచ్చి పడతారోనని నాకు ఒకటే టెన్షన్.

ప్లంబింగ్ పని చేసే అబ్బాయి వచ్చి, బయట ఛాంబర్ మూత తీసి, స్ప్రింగు తీగ లోపలికి తోసి గంటన్నర అవస్థ పడ్డాడు. చివరికి గొట్టం వంపులోంచి ఒక ముద్ద లాగాడు. మూరెడు పొడవుంది. తెల్లగా, పాతబడిన కొవ్వొత్తిలా ఉంది. గునపం మొనతో పొడిస్తే సున్నం పెచ్చుల్లా విడిపోయింది. ఆ పెచ్చుల మధ్య మెతుకులు, టీ పొడి, కరివేపాకు ఈనెలు, ఒక షాంపూ ప్యాకెట్టు ముక్క. "ఇదేంటి బాబూ, సిమెంటా?" అన్నాను. "నూనేనండి. మీరందరూ పోసిందేనండి. వేడి మీద నీళ్లలా జారిపోద్ది. లోపలికెళ్లి చల్లారాక గొట్టానికి పట్టేస్తదండి. పండగెళ్లాక మాకు ఇదే పనండి" అన్నాడు.

జంతికలు వేయించగా మిగిలిన నూనె, ముప్పావు లీటరు దాకా ఉంటుంది, భోగి రాత్రి నేను సింకులోనే పోశాను. శుభ్రంగా పోవాలని దాని వెనకే వేడినీళ్లు, అంట్ల సబ్బు నీళ్లు కూడా పోశాను. అవి నూనెను మాయం చేయవట. ఇంకాస్త ముందుకు తోసి అక్కడ వదిలేస్తాయట. నీళ్లలో ఉండే కాల్షియంతో కొవ్వు కలిసి గట్టిపడిపోతుంది. పామాయిలూ డాల్డా నెయ్యీ అయితే చలికాలంలో గొట్టం చల్లదనానికే గడ్డ కడతాయి. ఇదంతా తర్వాత తెలుసుకున్నాను.

బాగు చేయించడానికి ఫ్లాటుకి 300 వేసుకున్నాం. డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ అబ్బాయి చేతికి తొడుగు కూడా లేకుండా మోచేతి దాకా లోపల పెట్టి తీశాడు. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా జిడ్డు వదల్లేదు. మజ్జిగ గ్లాసు అందిస్తే పుచ్చుకోవడానికి మొహమాటపడి, "అక్కడ పెట్టండమ్మా" అని గోడ మీద చూపించాడు. ఆరు నెలలు దాటింది, ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

గొట్టంలో ఇరుక్కోకుండా దాటిపోయింది ఎటు పోతుందో మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నల్లా ఛానల్, ఆవ ఛానల్ పేర్లు ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊరి మురుగు గోదాట్లో కలవడం గురించి పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. 2027లో పుష్కరాలు. శుద్ధి కేంద్రాలు కట్టడం, కాలువలు మళ్లించడం ప్రభుత్వం చేయాల్సిన పని, అది చేయాల్సిందే. కానీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి తల మీద చల్లుకునే ఆ నీళ్లలో నేను పోసిన జంతికల నూనె కూడా ఉంటుందంటే నాకు మనసొప్పడం లేదు. నూనె పొర నీటి మీద పరుచుకుంటే గాలి నీళ్లలో కలవదు. చేపలకు ఆడాల్సిన ఊపిరి అది.

హోటళ్లకు దీని మీద నిబంధన ఉంది. నూనెను కాచిన కొద్దీ అందులో పోలార్ పదార్థాలనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జూలై నుంచి అమలు చేస్తోంది. అదే ఏడాది ఆగస్టులో, వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు పంపే 'రూకో' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. వేపుళ్లకు రోజుకు 50 లీటర్లకు మించి వాడే వ్యాపారులు ఎంత కొన్నారో, వాడింది ఎవరికి ఇచ్చారో లెక్క రాసి పెట్టాలి. ఇళ్లకు అలాంటిదేమీ లేదు. ఇళ్లలో మిగిలేది కొంచెమే కదా అని కాబోలు. ఆ కొంచెం ఎంతో నేను చూశాను. సంక్రాంతి తర్వాత నుంచి పనికిరాని నూనెను ఒక 5 లీటర్ల క్యానులో పోసి పెడుతున్నాను. ఇప్పటికి 2 లీటర్లు అయ్యింది. అదీ నేను జాగ్రత్తపడుతుంటేనే. ఈ లెక్కన ఏడాదికి మా ఇంటిదే మూడున్నర, నాలుగు లీటర్లు. మా బిల్డింగు మొత్తం చూస్తే 70 లీటర్లకు తక్కువ ఉండదు.

జాగ్రత్త అంటే పెద్దదేం కాదు. వెడల్పు మూకుడు తీసేసి, లోతుగా ఉన్న చిన్న మూకుడు వాడుతున్నాను. లీటరు పోసే చోట అర లీటరుతో సరిపోతోంది. గారెలు నాలుగు వాయిలు అయ్యేవి ఏడు అవుతాయి, అంతే తేడా. చల్లారాక నూనెను పల్చటి గుడ్డలో వడగట్టి స్టీలు గిన్నెలో పోసి, రెండు మూడు రోజుల్లో తాలింపులకు వాడేస్తాను. మళ్లీ వేపుడుకు కాచను. నల్లబడినా, నురగొచ్చినా, వాసన మారినా క్యానులోకి పోతుంది. జిడ్డు గిన్నెలు కడిగే ముందు పాత కాగితంతో ఒకసారి తుడుస్తాను. (మీ పత్రికే, వంటల పేజీ తప్ప మిగతాది.) ఇలా తుడవడం మొదలుపెట్టాక అంట్ల సబ్బు ఇదివరకటి కంటే ఎక్కువ రోజులు వస్తోంది. ఇంత చిన్న సంగతి నాకు 58వ ఏట తెలిసింది. మీ పేజీలో ఎప్పుడో చదివి ఉంటే పెళ్లైన కొత్తలోనే అలవాటయ్యేది కదా అనిపిస్తుంది.

నూనెతో మొదలయ్యాక మిగతావి కూడా చూడాలనిపించింది. కొట్టు మూసేసినప్పుడు చిన్న కాటా ఒకటి ఇంటికి తెచ్చుకున్నాం. మార్చి నెల 1 నుంచి 30 దాకా, మా వంటింట్లోంచి బయటికి పోయే తడి చెత్తను రోజూ రాత్రి తూచి చిట్టా పుస్తకంలో రాశాను. మేం ఉండేది ముగ్గురం. 30 రోజులకు 15 కిలోల 600 గ్రాములు. తొక్కలూ తొడిమలూ టీ పొడీ ఉంటాయని తెలుసు. నన్ను బాధపెట్టింది వేరే లెక్క. అందులో 4 కిలోల 300 గ్రాములు వండిన తిండి. అన్నం, రెండ్రోజుల నాటి కూర, అడుగంటిన ఉప్మా, పులిసి పాడైన దోసెల పిండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదికలో, మన దేశంలో ఇళ్లల్లో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం వృథాగా పోతోందని అంచనా వేశారు. తినలేని తొక్కలు, గింజలు కూడా కలిపే ఆ లెక్క. మా ఇంటిది లెక్కేస్తే మనిషికి 62 కిలోలు. మా ఇంట్లో ఎవరం అన్నం పారేసే మనుషులం కాదనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఎందుకు మిగులుతోందని చూస్తే, కొలతలోనే ఉంది. పిల్లలిద్దరూ ఉన్నప్పుడు అలవాటైన సోలెడు బియ్యం ఇప్పటికీ చెయ్యి దానంతటదే పోసేస్తోంది. మనవైపు ఇంకో అలవాటు ఉంది. తక్కువైతే మాట వస్తుంది, మిగిలితే ఏం కాదు. మిగిలింది ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. రెండో రోజు ఎవరూ అడగరు. మూడో రోజు పనమ్మాయికి ఇచ్చేదాన్ని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయాలి. ఒకరోజు ఆ అమ్మాయే నెమ్మదిగా చెప్పింది: "అమ్మగారండి, ఏమీ అనుకోకండి. మా పిల్లలు కూడా తినట్లేదండి. పట్టుకెళ్లి వీధి చివర పడేస్తున్నానండి." మనం తినని దాన్ని ఇంకొకరికి ఇచ్చి, పారేసే పని కూడా వాళ్ల చేతే చేయిస్తున్నానన్నమాట. ఆ రోజు నుంచి ఇవ్వాలనిపిస్తే వండిన పూటే, మేం తినే ముందే తీసి ఇస్తున్నాను. బియ్యం సోలెడు నుంచి మూడు గిద్దెలకు దించాను. ఎప్పుడైనా చాలకపోతే అటుకులు ఉన్నాయి, చుట్టాలొస్తే మళ్లీ పొయ్యి వెలిగించుకోవచ్చు. జూన్‌లో మళ్లీ తూచాను. వండిన తిండి 900 గ్రాములకు వచ్చింది.

మా అత్తగారు అమలాపురం దగ్గర పల్లెలో కాపరం చేసిన మనిషి. నేను తూచి రాస్తుంటే మంచం మీద నుంచి చూసి, "మాకు ఇవన్నీ ఎక్కడివే, అన్నీ గోలెంలోకేగా" అన్నారు. కుడితి గోలెం. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, ఆనపకాయ తొక్కు, అరటికాయ తొక్కు, గిన్నెలు తొలిచిన నీళ్లు అన్నీ అందులోకి. దానికి గుప్పెడు తవుడు, తెలగపిండి కలిపితే గేదె తాగేది. గేదె పేడ పెంటపోగులోకి, పెంటపోగు చేలోకి. మిగిలిన అన్నం తరవాణి కుండలోకి పోయేది. పొద్దున్నే పొలం వెళ్లేవాళ్లకు అదే తిండి. గేదె లేదు, గోలెం లేదు, కుండా లేదు. తొక్కలూ గంజీ అన్నమూ మాత్రం అలాగే ఉన్నాయి. గోలెం ఉండాల్సిన చోట సింకూ నల్ల కవరూ వచ్చాయి. పాత రోజులన్నీ గొప్పవని నేను అనను. ఆ గోలెం కడగడం, పేడ ఎత్తడం, పొగలో వండటం ఎవరి చాకిరో అత్తగారినడిగితే తెలుస్తుంది. నేను అడిగేది ఒకటే, గోలెం చేసిన పనిని ఇప్పుడు మన ఇళ్లల్లో ఏది చేయాలి?

కొంత పని తినడంతోనే అవుతుంది. బీరపొట్టు పచ్చడి మనకు కొత్త కాదు. లేత బీరకాయల చెక్కు పైపైన ఈనెలు తీసేసి, చెంచాడు నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గించి, వేయించిన ఎండుమిరపకాయలు, మినప్పప్పు, కాస్త చింతపండు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే, ఆ రోజు బీరకాయ కూర కంటే పచ్చడే ముందు అయిపోతుంది. ఆనపకాయ తొక్కూ అంతే. కొత్తిమీర కాడలు కట్ట కట్టి చారులో మరగనిచ్చి తీసేస్తాను. పుచ్చకాయ ఎర్రటి గుజ్జుకూ పచ్చటి పెచ్చుకూ మధ్య ఉండే తెల్లటి భాగం పప్పులో వేస్తే దోసకాయ పప్పులాగే ఉంటుంది. మందులు బాగా కొట్టిన కూరగాయల తొక్కలు కూడా తినమని చెప్పడం లేదు. తెలిసిన రైతు దగ్గర కొన్నవైతే తింటాం, అనుమానంగా ఉంటే ఎరువులోకి వేస్తాం.

ఎరువు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి నాకు చెడింది. టెర్రస్ మీద రెండు పాత పెయింటు బకెట్లకు అడుగునా పక్కలా చిల్లులు పెట్టించి తొక్కలు వేయడం మొదలుపెట్టాను. పది రోజులకు కంపు, పురుగులు. పై ఫ్లాటువాళ్లు వచ్చి మర్యాదగానే చెప్పారు, తీసేయమని. వాళ్లు చెప్పిందాంట్లో తప్పులేదు. అదే వారం మొక్కల కోసం కడియపులంక వెళ్లాం. అక్కడ నర్సరీలో మట్టి కలుపుతున్న ఒక పెద్దావిడకు నా గొడవ చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపకుండానే, "నీళ్లెక్కువైపోయాయమ్మా దానికి. ఎండుటాకు వెయ్యి. పిడికెడు తీసి పిండితే చేతికి తడి అంటాలి గానీ నీళ్లు కారకూడదు" అంది. పక్కనున్న కుప్పలోంచి ఒక పిడికెడు తీసి నా అరచేతిలో పెట్టింది. నల్లగా, చల్లగా, పొడిపొడిగా ఉంది. తొలకరి వాన పడ్డ నేల వాసన. అందులో ఏ తొక్క ఏదో తెలియడం లేదు.

వచ్చి అలాగే చేశాను. ఒక పొర తొక్కలు, దాని మీద అంతే మందాన మా వీధి బాదం చెట్టు ఎండుటాకులు నలిపి, వారానికోసారి పుల్లటి మజ్జిగ చిలకరించి, కర్రతో తిరగేయడం. గాలి ఆడితే వాసన రాదు. గాలి ఆడకపోతేనే కుళ్లుతుంది. డంపింగ్ యార్డుల్లో జరిగేది అదే. కవర్లలో మూటగట్టిన తడి చెత్త గాలి తగలక కుళ్లి మీథేన్ పుడుతుంది. అది బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది, యార్డులు తగలబడటానికి కూడా అదే కారణం. 55వ రోజున మా మొదటి బకెట్టు జల్లెడ పడితే దగ్గర దగ్గర 4 కిలోల ఎరువు వచ్చింది. కరివేపాకు మొక్కకు వేశాను. కంప్లయింట్ చేసిన పై ఫ్లాటు ఆవిడకు కూడా ఒక డబ్బాడు ఇచ్చాను. ఇప్పుడు వాళ్ల తొక్కలు కూడా నా బకెట్లోకే వస్తున్నాయి. వండిన అన్నం, చేపల ముళ్లు, నూనె పదార్థాలు మాత్రం అందులో వేయను.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి నిబంధనల్లోనే ఉంది. ఇళ్లకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు పంచారు కూడా. మా ఇంట్లో ఆకుపచ్చ దాంట్లో ఉల్లిపాయలు, నీలం దాంట్లో బట్టల క్లిప్పులు ఉండేవి. ఎరుపుది ఎవరికో ఇచ్చేశాను. దానికి నేను ఇంకెవరినీ అనలేను.

నీళ్లు, గ్యాసు గురించి రెండు ముక్కలు. ఆర్వో మెషిన్ లీటరు మంచినీళ్లిస్తే రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ పైపు సింకులోంచి తీసి బకెట్లో పెట్టాం. గచ్చు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి ఆ నీళ్లే. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు మొక్కలకు. కందిపప్పు అరగంట ముందే నానబెట్టడం, మూత పెట్టి వండటం, కుక్కర్ మొదటి విజిల్ రాగానే మంట తగ్గించడం, ఈ మూడింటితో మాకు 14.2 కిలోల సిలిండర్ ఇదివరకు 40 రోజులు వచ్చేది 50 దాటుతోంది. నీళ్లు మరగడం మొదలయ్యాక మంట పెంచితే కూర తొందరగా ఉడుకుతుందని చాలామంది అనుకుంటారు. మూతలేని గిన్నెలో నీళ్ల వేడి 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పెంచిన మంటకు నీళ్లు ఆవిరైపోతాయి తప్ప కూర ముందుగా ఉడకదు. కుక్కర్‌లో ఆవిరి బిగించి ఉంటుంది కనుక 120 దాకా వెళ్తుంది, అందుకే అందులో తొందరగా ఉడుకుతుంది. మనం వాడే వంటగ్యాసులో సగానికి పైగా బయటి దేశాల నుంచి ఓడల మీద వస్తున్నదే.

ఇంకొకటి కూడా చెప్పాలి. పర్యావరణం అనగానే చెప్పే పనులన్నీ ఆడవాళ్ల నెత్తినే పడుతున్నాయి. వేరు చెయ్యి, వడగట్టు, తూచు, తిరగెయ్యి, కవరు వద్దు, ఇంట్లోనే చెయ్యి. ఉద్యోగం చేసి ఏడింటికి ఇల్లు చేరే మా కోడలికి నేను ఇవన్నీ చెబితే ఆమె మొహంలో అలసట కనిపించింది. ఆమె చెప్పింది నిజం: "అత్తయ్యా, ఇవన్నీ మంచివే. కానీ ఇంట్లో ఇంకొకరు కూడా చేస్తేనే జరుగుతాయి." అందుకే మా ఇంట్లో పంచుకున్నాం. ఎండుటాకులు ఏరి తేవడం, బకెట్లు తిరగేయడం మా వారి పని. కర్రీ పాయింట్ నుంచి ఏదైనా తేవాల్సి వస్తే స్టీలు క్యారియర్ పట్టుకెళ్లడం కూడా ఆయన పనే. మొదట్లో ఆ గిన్నెలు పట్టుకుని వెళ్లడానికి ఇబ్బంది పడ్డారు. సలసల కాగే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేయడం ఒకసారి దగ్గరుండి చూశాక, క్యారియర్ లేకుండా వెళ్లడం మానేశారు. మీ వంటల పేజీ కూడా "గృహిణులకు చిట్కాలు" అనడం మానేసి, ఇంట్లో అందరినీ ఉద్దేశించి రాస్తే బాగుంటుంది.

ఇక నేను అడిగేది. ప్రతి వంటకం చివర "వేడివేడిగా వడ్డించాలి" అని మీరు రాస్తారు కదా. దాని తర్వాత ఇంకొక్క వాక్యం కలపండి. "మిగిలిన నూనెను వడగట్టి రెండు రోజుల్లో తాలింపులకు వాడుకోండి, సింకులో పోయకండి." "బీరకాయ చెక్కుతో పచ్చడి చేసుకోవచ్చు, పక్క పేజీ చూడండి." "శనగలు ఉడికించిన నీళ్లు పారేయకండి, చారుకు బాగుంటాయి." "ఈ కొలత నలుగురికి సరిపోతుంది, ఇద్దరే ఉంటే సగం చేయండి." ఏ వంటకానికి ఆ మాట. వేరే పేజీలో పర్యావరణ దినోత్సవం నాడు పెద్ద వ్యాసం వేస్తే చదివి మడిచి పెడతాం. వంటకం కిందే ఉంటే పొయ్యి దగ్గర నిలబడి చదువుతాం. అప్పుడు మూకుడు చేతిలో ఉంటుంది. తేడా అక్కడే వస్తుంది.

వచ్చేది శ్రావణమాసం. వరలక్ష్మీవ్రతానికి బూరెలు, గారెలు మీరు ఎలాగూ వేస్తారు. ఆ ఆదివారంతోనే మొదలుపెట్టమని నా మనవి.

ఇంకో మనవి అధికారులకు, మీ ద్వారా. ఇళ్లల్లో పోగైన నూనె ఇచ్చే చోటు నాకు తెలిసి లేదు. 1999 నుంచి రైతుబజార్లు ఉన్నాయి, మధ్యతరగతి ఇళ్ల నుంచి వారానికి ఒక్కసారైనా ఎవరో ఒకరు అక్కడికి వెళ్తారు. గేటు దగ్గర మూత ఉన్న డ్రమ్ము ఒకటి పెట్టి, నెలకు రెండు రోజులు ఒక మనిషి కూర్చుంటే చాలు. హోటళ్ల నుంచి నూనె కొని బయోడీజిల్‌కు పంపేవాళ్లు ఉన్నారు, వాళ్లకే ఆ డ్రమ్ము అప్పగించవచ్చు. అలా సేకరించిన నూనె మళ్లీ బజ్జీల బండ్లకు చేరకుండా లెక్క చూసుకోవాలి, అది మరీ ముఖ్యం. మా బిల్డింగులో ఇప్పటికి ఏడు ఫ్లాట్లవాళ్లు సీసాల్లో నూనె దాచడం మొదలుపెట్టారు. ఎవరికి ఇవ్వాలండీ అని నన్ను అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

మా క్యాను వెనక బాల్కనీలో నీడన ఉంది. మన ఊళ్లో గానీ చుట్టుపక్కల గానీ ఇళ్ల నుంచి వాడిన నూనె తీసుకునే చోటు ఎక్కడైనా ఉంటే దయచేసి మీ పత్రికలో వేయండి. మా ఏడు ఇళ్లదీ నేనే ఆటోలో వేసుకుని తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం.